ఈశాన్యం మూల గుల్ల

ఒక చప్పుడు మీద కూడా ఈర్ష్య పడొచ్చని నాకు ఆ పొద్దు దాకా తెలియదు. మేస్త్రీ ఇనప రాడ్డు నిలువుగా పట్టుకుని మా పోర్టికో గచ్చు మీద కొట్టాడు. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు 'బొద్దు' మంది. రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ బొద్దే. అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. పోల్చి చూసుకోవాలట. పక్కింటి గేటు తీయించుకుని వెళ్ళి వాళ్ళ గచ్చు మీద కూడా ఒక దెబ్బ వేశాడు. 'టంగ్' మంది. బండ మీద కొట్టినట్టు నిండుగా ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఇంటికి అన్నీ బాగుండాలి, ఆఖరికి గచ్చు చప్పుడు కూడా బాగుండాలి.

"మేడం, మీదంత కింద గుల్లయింది," అన్నాడు మేస్త్రీ తిరిగొచ్చి. ఆయనది పాలమూరు. "మట్టి కొట్టుకపోయింది. పైన గచ్చొక్కటే ఊకె నిలవడ్డది. పిల్లలను ఇగ ఈడ కూసోవెట్టకుండ్రి. ఎప్పుడు కుంగుతదో చెప్పలేం."

ఆ గచ్చే నా బడి. పదకొండేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి, అక్కడి వాళ్ళతో పడలేక మానేసి, ఇంటికొచ్చి పోర్టికోలో చాపలు పరిచాను. సాయంత్రం అయిదింటికల్లా ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు సైకిళ్ళేసుకుని వచ్చేస్తారు. కారు రోడ్డు మీద పెట్టుకోమని మా ఆయనకు చెప్పాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనిషి, ఆఫీసులో ఎలా ఉంటాడో కానీ ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పడు. ఈ ఊళ్ళో నాకంటూ ఉన్నది ఆ చాపలూ, ఆ పిల్లలూ, గోడకు ఆనించిన ఒక నల్లబోర్డూ. గచ్చు కుంగితే నేను మళ్ళీ వంటింటి మనిషిని.

మా ఇల్లు గోపన్‌పల్లిలో. మాదీ పక్కవాళ్ళదీ ఒకే బిల్డరు, ఒకే ప్లాను, తూర్పు ముఖం, మధ్యలో ఒక్కటే ప్రహరీ గోడ. మేం కొన్నప్పుడు వెనకంతా బండలూ సీతాఫలం చెట్లూ ఉండేవి. ఇప్పుడు అపార్టుమెంట్లు లేచి మధ్యాహ్నానికే ఎండ పోతోంది. ఎండ పోవడంలో కూడా తేడా ఉంది. మాకు రెండింటికే పోతే వాళ్ళకు నాలుగు దాకా ఉంటుంది. వడియాలు పెట్టుకోవాలంటే ఆ రెండు గంటల ఎండ ఎంత విలువైనదో నాకు తెలుసు. ఆమె వడియాలు పెట్టదు. ఎండ ఊరికే పోతుంది.

ఆమె అంటే పక్కింటావిడ. గుంటూరు వైపు క్రైస్తవులు. పెద్ద దవాఖానాలో నర్సు. భర్త కాలేజీలో లెక్చరర్. ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి, నా దగ్గరే లెక్కలు నేర్చుకుంటుంది. కాలనీలో పిల్లా పెద్దా అందరూ ఆమెను సిస్టర్ అని పిలుస్తారు. జ్వరమొస్తే సిస్టర్, బీపీ చూడాలంటే సిస్టర్, ఎవరికైనా సూది వేయాలంటే సిస్టర్. నన్ను టీచర్ అంటారు. రెండూ పిలుపులే, కానీ సిస్టర్ అన్నప్పుడు జనం గొంతు మెత్తబడుతుంది. టీచర్ అన్నప్పుడు కాస్త జంకుతుంది. ఇది నేను చాలాసార్లు గమనించాను. కుళ్ళు అంటే కుళ్ళే, దాచుకోవడానికేముంది.

మా ఆయన కూడా ఒకసారి నోరు జారాడు. "ఆయమ్మ రాత్రంతా డ్యూటీ చేసొచ్చి కూడా నవ్వుతాంటాది, సూడు," అన్నాడు. మూడు రోజులు నేను ఆయనకు కాఫీ కలపలేదు.

నన్ను అసలు కాల్చుకు తిన్నది మాత్రం వాస్తు. మాది కడప జిల్లా. మా ఇళ్ళల్లో కొళాయి బిగించాలన్నా దిక్కు చూసి బిగిస్తారు. ఆమె ఏం చేసిందో తెలుసా? ఇల్లు కట్టేటప్పుడే ప్లాను మార్పించి పైకి మెట్లు ఈశాన్యం మూలన వేయించుకుంది. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని మా వైపు పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. 'ఇక పైకొచ్చినట్టే' అని నేను లోలోపల అనుకున్నాను కూడా. వచ్చింది. ఆయనకు ప్రమోషన్ వచ్చింది. కూతురికి పోటీ పరీక్షల్లో బహుమతులు వచ్చాయి. ఆమెకు హెడ్ నర్సు హోదా వచ్చింది. ఇటు మా ఆయన ప్రాజెక్టు మూతపడి నాలుగు నెలలు పనిలేకుండా కూర్చోబెట్టారు. పద్ధతిగా కట్టుకున్న ఇల్లు మాది, ఈశాన్యం తొక్కిన ఇల్లు వాళ్ళది.

కడుపు మండి వాస్తు చెప్పే ఒకాయన్ని పిలిపించాను. ఆయన మా మిద్దె మీద అటూ ఇటూ తిరిగి, "అమ్మా, మీ వాన నీళ్ళన్నీ నైరుతికి పోతున్నాయి, మీ కలిసొచ్చేదంతా దాంతోపాటే పోతోంది," అన్నాడు. నిజమే, బిల్డరు మిద్దె వాలు వెనక్కి పెట్టాడు. అక్కడో పైపు, పైపు నుంచి వెనక కాలవ. శుభ్రంగా పోయేవి నీళ్ళు. దాన్ని మూసేయించాను. మిద్దె మీద వాలు మార్పించి నీళ్ళు ఈశాన్యానికి మళ్ళించాను. ఈశాన్యమంటే మా పోర్టికో మూల, సరిగ్గా ఆమె ప్రహరీ పక్కన. పైపును స్తంభం వెంట దింపి, గచ్చు కింద నుంచి తీసుకెళ్ళి, గోడ మూలన చిన్న ఇంకుడు గుంతలో కలిపించాను. వాస్తుకు వాస్తు, నీటి పొదుపుకు నీటి పొదుపు. "గచ్చు కింద నీళ్ళ పైపు ఎందుకు?" అని మా ఆయన ఒక్కసారి అడిగాడు. నేను చూసిన చూపుకు మళ్ళీ అడగలేదు. అది నిరుడు.

ఈ ఏడు వానలు మొదలయ్యాక గచ్చు మీద వెంట్రుక లాంటి పగులు కనిపించింది. తర్వాత నల్లబోర్డు ఉన్న వైపు ఒక మూల కొంచెం కిందికి దిగినట్టు అనిపించింది. పెన్సిల్ కింద పడితే దొర్లుకుంటూ అటే పోయేది. పిల్లలకు అదో ఆట అయింది. అప్పుడు మేస్త్రీని పిలిపించాను. ఆయన బొద్దు, టంగ్ అని కొట్టి చూపించాడు.

"మట్టి ఊకె పోదు మేడం. నీళ్ళు గుంజుకపోతయి. ఆ నీళ్ళు యాడికెల్లి వస్తున్నయో ముందుగాల చూడాలె. అది తెల్వకుండ మట్టి పోస్తే మళ్ళ గదే కత," అన్నాడు.

నీళ్ళు ఎక్కడివో నాకు క్షణంలో తెలిసిపోయింది. తెలిసిపోయిందని అనుకున్నాను. ఆమె గేటు ముందు కాలవలో ఎర్రమట్టి మేట వేసి ఉంది. ఆమె సంపు, కొళాయి నీళ్ళు నిలవ చేసుకునే నేల తొట్టి, మా గోడకు ఆనుకుని అవతల ఉంది. ఇంకేం కావాలి? లెక్కల టీచర్ని, రెండు కలిపితే ఎంతో చెప్పలేనా?

ఆ బుధవారం పొద్దున ఆమె డ్యూటీ నుంచి స్కూటీ మీద వచ్చి గేటు తీసుకుంటోంది. కూరగాయల బండి మా రెండిళ్ళ మధ్య ఆగి ఉంది. బండి చుట్టూ కాలనీ ఆడవాళ్ళు. ఇంతకంటే మంచి చోటు నాకు దొరకదు.

"సిస్టర్, మీ సంపు యాడో కారతాంది. మా ఇంటి కింద మన్నంతా మీ నీళ్ళే తినేసినాయి," అన్నాను.

ఆమె హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడింది. "మా సంపాండీ?"

"మరి ఎవరిది? మన్ను మీ గేటు ముందరే పడింది చూసుకోండి. మేం పచ్చగా ఉండడం గిట్టకపోతే నోటితో చెప్పండి, ఇట్లా కింద నుంచి తవ్వొద్దు. పసిపిల్లలు కూర్చునే చోటు."

గిట్టకపోవడం గురించి నేను ఆమెకు చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే నా నోటిని నేనే మూయాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఏళ్ళ తరబడి పెట్టుకున్న బరువు దింపినంత హాయిగా ఉంది. బండి దగ్గర ఒకామె ముక్కున వేలేసుకుంది. ఇంకొకామె టమాటాలు ఏరడం ఆపేసింది. సిస్టర్ మొహంలో రాత్రి డ్యూటీ అలసట అట్లాగే ఉంది. "చూస్తానండి టీచర్‌గారూ," అని లోపలికి వెళ్ళిపోయింది. ఎదురు మాట్లాడితే ఇంకో నాలుగు అనేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి.

సాయంత్రం ఆమే వచ్చింది. గేటు బయటే నిలబడి, "పిల్లల్ని ఇక్కడ కూర్చోబెట్టకండి టీచర్‌గారూ. మీ పని అయ్యేదాకా మా పోర్టికోలో చెప్పుకోండి. ఫ్యాన్ కూడా ఉందండి," అంది.

వద్దని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ పిల్లలకు పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. నేను ఇంకా ఆలోచిస్తూండగానే మా ఆయన చాపలు చుట్టి అటు మోసేశాడు. సంపు సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తప్పు చేసినవాళ్ళు ఇట్లాగే మంచితనం చూపిస్తారులే అనుకున్నాను.

మర్నాడు నుంచి నా బడి ఆమె పోర్టికోలో నడిచింది. పిల్లలు వచ్చీ రాగానే, "టీచర్, ఇక్కడ చల్లగుంది," అన్నారు. "టీచర్, ఇక్కడ పెన్సిల్ దొర్లుతలేదు," అంది ఒక పిల్ల, కాస్త నిరాశగా. నేను ఆ రోజు వాళ్ళకు బీజగణితంలో కష్టమైన లెక్కలు ఏరి ఏరి ఇచ్చాను. ఒక మూలన రెండు నీలం డ్రమ్ములు నీళ్ళతో, పైన పళ్ళేలు మూతపెట్టి ఉన్నాయి. ఏదో కూటమో ప్రార్థనో పెట్టుకుంటున్నారు, జనం వస్తారు కాబోలు అనుకున్నాను. ఆమె స్కూటీ ముందు పెద్ద బట్టల మూట పెట్టుకుని వెళ్ళడం కూడా చూశాను. "హఫీజ్‌పేట్‌లో మా పెద్దమ్మ వాళ్ళింటికి టీచర్," అంది కూతురు. బట్టలు ఉతకడానికి కూడా ఊరు దాటి పంపుతున్నారన్నమాట. హెడ్ నర్సు హోదా మరి, చేతులు తడుపుకుంటే కరిగిపోతాయి.

శుక్రవారం మేస్త్రీ పని మొదలుపెట్టాడు. గచ్చులో మూడు చోట్ల పెట్టె మూతంత చదరంగా కోసి తీశాడు. మొదటి దాంట్లో ఆయన చెయ్యి పెడితే భుజం దాకా పోయింది. నేను టార్చి పట్టుకుని వంగి చూశాను. అడుగున పొడి మట్టి, దాని మీద ఖాళీ, ఆ ఖాళీ చీకట్లోకి అంతు లేకుండా పోతోంది. దాని మీద నేను పద్నాలుగు మంది పిల్లల్ని కూర్చోబెట్టి సమీకరణాలు చెప్పాను. పక్కనున్న స్తంభం పట్టుకుని లేచాను.

"ఇది పోసిన మట్టి మేడం, సహజంగ ఉన్నది కాదు," అన్నాడు మేస్త్రీ, ఒక పిడికెడు తీసి నలుపుతూ. "పోసిన మట్టిని పొరపొరకు నీళ్ళు కొట్టి దిమ్మిసతోని గుద్దాలె. గుద్దలే. పక్కింట్ల గుద్దిన్రు, అందుకే గట్టిగున్నది."

ఎందుకు గుద్దలేదో నాకు తెలుసు. పక్కింటివాళ్ళ కంటే ముందు గృహప్రవేశం చేయాలని నేనే బిల్డర్ని తరిమాను. మంచి ముహూర్తం దాటిపోతుందని ఒకటే గోల పెట్టాను. మట్టి పోసిన మర్నాడే గచ్చు వేశారు. ఆమె మాత్రం డ్యూటీ దిగి వచ్చి, ఎండలో గొడుగు పట్టుకుని నిలబడి, కూలీల చేత నీళ్ళు కొట్టించి దిమ్మిస వేయించింది. నేను అప్పుడు పాలు పొంగిస్తూ కిటికీలోంచి చూసి నవ్వుకున్నాను.

సరే, గుద్దకపోవడం నా పాపం అనుకుందాం, నీళ్ళు మాత్రం ఆమెవే కదా అని సర్దుకున్నాను. శనివారం సాయంత్రం గట్టి వాన పడింది. ఆదివారం పొద్దున మేస్త్రీ వచ్చి రంధ్రాల్లో చెయ్యి పెట్టి చూసి, గడ్డం గోక్కున్నాడు.

"మొన్న పొడిగున్నది. నిన్న వాన పడంగనే బురదయింది. సంపు నీళ్ళైతే దినాం తడి ఉండాలె. గిట్ల వాననాడే వస్తే మిద్దె నీళ్ళే మేడం. జర ఇంత పసుపు తెండ్రి."

"పసుపెందుకు?"

"మీ పైపుల పోసి చూద్దాం."

"మా పైపుకేమైంది? అది ఈశాన్యం పైపు," అన్నాను. ఈశాన్యం పైపు కారదని ఎవరు చెప్పారో నాకే తెలియదు. పసుపు డబ్బా మాత్రం తెచ్చి ఇచ్చాను. మా ఆయన బకెట్ నీళ్ళలో పసుపు కలుపుకుని మిద్దె మీదికి వెళ్ళి పైపు నోట్లో కుమ్మరించాడు. మేస్త్రీ, నేను కింద రంధ్రం దగ్గర వంగి కూర్చున్నాం. ఇంకుడు గుంతలోకి ఒక్క చుక్క రాలేదు. మా గచ్చు కింద ఖాళీలోకి మాత్రం, స్తంభం మొదట్లో నుంచి, పచ్చగా, పెళ్ళివారింటి నీళ్ళలాగా జలజలా వచ్చాయి. అట్లాగే పారి, వీధి వైపు ప్రహరీ కింద చిన్న సొరంగంలోంచి దూరి, వీధి వాలు వెంట పక్కింటి గేటు ముందు కాలవలో తేలాయి.

పైపు వంపు దగ్గర అతుకు ఊడిపోయింది, అంతే. ఏడాదిగా మా మిద్దె మీద పడిన ప్రతి వానా మా గచ్చు కింది మట్టినే కడిగి ఆమె గుమ్మంలో పోసింది.

వీధి వైపు చూశాను. వాళ్ళు చర్చికి వెళ్ళారు. ఇల్లు తాళం వేసి ఉంది. నాకు మొదట కలిగినది సిగ్గు కాదు, 'అమ్మయ్య, చూడలేదు' అన్న ఊరట. బకెట్లతో నీళ్ళు తెచ్చి ఆ కాలవలో పసుపు అంతా నేనే కడిగేశాను.

"పక్క మేడంకి చెప్పుండ్రి మరి," అన్నాడు మేస్త్రీ.

"నేను చెప్తాలే. నువ్వేమీ అనొద్దు."

మా ఆయన మిద్దె దిగి వచ్చి బకెట్ బోర్లించి నా మొహం చూశాడు. రాత్రి అన్నం తినేటప్పుడు, "చెప్పినావా?" అన్నాడు. "రేపు చెప్తా," అన్నాను.

సోమవారం పని జోరుగా సాగింది. ఆ పైపును గచ్చు కింద నుంచి తీసేసి, గోడ బయట నుంచి నేరుగా వీధి కాలవలో కలిపారు. వాస్తు ఏమవుతుందని నేను అడగలేదు. సొరంగం నోరు రాళ్ళతో, సిమెంటుతో మూశారు. అందినంత మేర మొరం పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో గుద్దారు. చెయ్యి అందని ఖాళీల్లోకి సిమెంటు పాలు పోశారు. ఒక రంధ్రంలో పోస్తూ ఉంటే అవి కింద పాకి పాకి ఇంకో రంధ్రంలో పైకి తేలాయి. తేలిందంటే మధ్యలో నిండినట్టు లెక్క. బుధవారానికి మూడు రంధ్రాలూ పూడ్చి, ఆ మూల కుంగిన గచ్చు ముక్క పగలగొట్టి కొత్తది వేశారు.

"ఏడు దినాలు మంచిగ తడుపుండ్రి. నీళ్ళకు ఎనకముందు చూడకుండ్రి," అని చెప్పి మేస్త్రీ సామాన్లు సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "పక్క మేడం దినాం అడుగుతున్నది, పని ఎప్పుడైతదని. జల్ది చెప్పుండ్రి మేడం, పరేషాన్ల ఉన్నదామె," అన్నాడు.

పోర్టికో ఎప్పుడు ఖాళీ చేస్తారా అని ఆమె పరేషాన్ అనుకున్నాను. పిల్లల గోల భరించలేకపోతోంది, మంచితనం అయిపోయినట్టుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త సంతోషించాను కూడా. ఆమె విసుక్కోవడం చూడాలని నాకు ఎన్నాళ్ళ నుంచో కోరిక.

గురువారం నుంచి గచ్చు మీద గోనెసంచులు పరిచి, పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం పైపుతో నీళ్ళు పట్టాను. నీళ్ళు చెరువులాగా నిలబడి, గేటు కింద నుంచి వీధిలోకి పొర్లేవి. ఒక పొద్దున నేను పైపు పట్టుకుని ఉండగా ఆమె ప్రహరీ అవతల ఆగింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది, జుట్టు చెదిరి ఉంది. మా గచ్చు వైపు అట్లా చూస్తూ నిలబడింది. చాలాసేపు చూసింది. ఆ కళ్ళలో ఏదో ఆశ ఉంది. ఎప్పుడూ నేను చూసే చూపు ఈసారి ఆమె చూస్తోంది అనిపించింది. నా కొత్త గచ్చు చూసి కుళ్ళుకుంటోందిరా దేవుడా అని నాకు లోపల పండగయింది. పైపు ఇంకాస్త పైకెత్తి ధారగా వదిలాను.

"బాగా తడపండి టీచర్‌గారూ," అని ఆమె లోపలికి వెళ్ళింది.

"చెప్పినావా?" అని మా ఆయన ఆ రాత్రి కూడా అడిగాడు. రోజూ అదే మాట. అరవడు, ఇంకో మాట కలపడు. నాకు కోపం తెప్పించాలని అడుగుతున్నాడని అరిచాను. చెప్పాలని నాకు లేక కాదు. చెప్పాలంటే పసుపు నీళ్ళ గురించి చెప్పాలి, పైపు గురించి చెప్పాలి, పైపు ఎందుకు వేయించానో చెప్పాలి. మీ ఇంటికి కలిసొస్తోందని ఓర్వలేక వేయించాను అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అన్నీ కలిపి ఒక్క తప్పు అయితే క్షమించమనొచ్చు. ఇది మొదటి నుంచీ నేనే.

ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళు చర్చి నుంచి వచ్చిన అలికిడి విని, ఇక ఆగకుండా వెళ్ళాను. ముందు తలుపు తీసే ఉంది. కూతురు, "అమ్మ వెనకాల ఉంది టీచర్," అంది. వెనక వసారాలో ఆమె చిన్న స్టూలు మీద కూర్చుని అంట్లు తోముతోంది. ముందు ఒక టబ్బు, పక్కన సగం బకెట్ నీళ్ళు. మగ్గుతో కాసిని కాసిని పోసుకుని కడుగుతోంది. కడిగిన నీళ్ళు పారబోయకుండా ఇంకో టబ్బులో పడుతోంది. ఇంత పొదుపేమిటో అని అప్పుడు కూడా నా బుద్ధి వంకరగానే అనుకుంది.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "సిస్టర్, ఆ నీళ్ళు మీ సంపువి కావు. మా మిద్దె పైపువి. అతుకు ఊడింది. వారం కిందటే తెలిసింది నాకు, పోయిన ఆదివారమే. మీకు చెప్పకుండా దాచినాను. అందరి ముందర మిమ్మల్ని అన్నాను, అందరి ముందరే మళ్ళీ చెప్తాను. ఆ పైపు కూడా మీ మీద ఓర్వలేకనే అటు తిప్పించినాను." చివరి మాట అనుకోకుండా వచ్చేసింది. వచ్చేసింది కాబట్టి వెనక్కి తీసుకోలేదు.

ఆమె మగ్గు కింద పెట్టింది. చేతులు చున్నీకి తుడుచుకుంది. పర్లేదండి అంటుందని ఎదురు చూశాను. అంటే దానికీ కుళ్ళుకునేదాన్నే, ఎంత తేలిగ్గా క్షమిస్తుందో చూడు అని. ఆమె ఆ మాట అనలేదు.

"వారం అయిందాండీ," అంది మెల్లగా. ఆ తర్వాత చెప్పింది. "ఆ రోజు మీరన్నాక మా వారు, నేను సంపు తోడించేశామండి. నీళ్ళొచ్చే వాల్వ్ కూడా కట్టేశాం. ఎక్కడ కారుతుందో మాకు తెలియదు కదండీ. మళ్ళీ నీళ్ళు నింపితే మీ వైపు పోతాయేమోనని, మీ పని అయ్యేదాకా వద్దనుకున్నాం. పిల్లలు కూర్చునే చోటు కదా. మేస్త్రీగారిని అడిగితే టీచర్‌గారినే అడగమన్నారండి. మిమ్మల్ని అడగాలంటే... మళ్ళీ ఏమంటారోనని."

పదకొండు రోజులు. డ్రమ్ములు కూటానికి కాదు. బట్టల మూట దర్జాకు కాదు. ఆ పొద్దున ప్రహరీ మీద నుంచి ఆమె ఆశగా చూసింది నా గచ్చును కాదు, గచ్చు మీద పారుతున్న నీళ్ళను. రాత్రంతా రోగుల దగ్గర నిలబడి వచ్చి, స్నానానికి ఒక బకెట్ చూసుకుని, నా ఇంటి ముందు వీధిలోకి పొర్లే నీళ్ళను చూసి, బాగా తడపండి అని చెప్పి వెళ్ళింది.

కాళ్ళ మీద పడాలనిపించింది, పడితే ఆమెకు ఇంకో ఇబ్బంది పెట్టినట్టవుతుందని ఆగాను.

ఆమె లేచి, స్టూలు గోడ వైపు జరిపి, నా ఎదురుగా నిలబడింది.

"ఇవాళ సాయంత్రం కాలనీకి నీళ్ళు వదులుతారండి," అంది. "వాల్వ్ తీసుకోవచ్చాండీ మేము?"

ఎగతాళి చేస్తోందేమోనని ఆమె మొహంలోకి చూశాను. ఎగతాళి అయితే బతికిపోయేదాన్ని. ఆమె నిజంగానే అడుగుతోంది.